రోడ్డు వేశారు, దారి మూశారు

“మీ కాలనీకి సిమెంటు రోడ్డు వేశాం కదయ్యా! ఇంకేం కావాలి మీకు?”

మన కాలనీల్లో ఈ మాట పడనివాళ్ళు ఉండరు. గ్రామసభలో లేచి దారి ఊసెత్తితే చాలు, బల్ల అవతల కూర్చున్నవాళ్ళ నోట ముందుగా వచ్చేది ఇదే. నేనూ పడ్డాను. ఆ రోజు నాకు జవాబు తోచలేదు. నిజమే కదా, రోడ్డు వేశారు కదా, ఇంకా అడిగితే అత్యాశ అంటారేమోనని కూర్చుండిపోయాను. ఇంటికొచ్చి మా అమ్మకి చెప్పాను. ఆమె ఎసట్లో బియ్యం పోస్తూ ఒక్కటే అంది: “రోడ్డు ఏశార్రా. దారి మూశారు.”

బీఈడీ చదివిన నాకు తోచని జవాబు బడి మొహం చూడని ఆమెకి తోచింది. ఈ వ్యాసం ఆ జవాబుకి వివరణ, అంతే.

నాలుగు దారులు ఒకటయ్యాయి

మాది కోడూరు మండలంలో మురుగుకాలవ గట్టు పక్కనున్న యానాది కాలనీ. పేరు చెప్పను. నాగాయలంక, అవనిగడ్డ, మోపిదేవి మండలాల్లో మీకు తెలిసిన ఏ కాలనీ పేరు పెట్టుకుని చదివినా సరిపోతుంది.

నా చిన్నప్పుడు మా గుడిసెలకి రోడ్డు లేదు. వానాకాలం వస్తే మోకాలి లోతు బురద. కానీ దారులు నాలుగుండేవి. తూర్పున వరిచేల గట్లమ్మట నడిస్తే పది నిమిషాల్లో బడి. దక్షిణాన ఇంకో గట్టు పట్టుకుంటే పక్క పేట, అక్కడ మా మేనత్త ఇల్లు. పడమట మురుగుకాలవ మీద రెండు తాటిమొద్దులు. అవి దాటితే డొంక, డొంక చివర మా శ్మశానం. ఉత్తరాన ఊళ్ళోకి పోయే బాట.

ఇప్పుడు తూర్పు చేను ప్లాట్లయింది, చుట్టూ ప్రహరీ లేచింది. దక్షిణాన చేలన్నీ రొయ్యల చెరువులయ్యాయి. గట్టు మీద ఇనప గేటు, ‘లోనికి రాకూడదు’ అని బోర్డు. ఆ చెరువుకి రాత్రి కాపలా కాసేది మాత్రం మా కాలనీవాడే. పడమట తాటిమొద్దులు కుళ్ళిపోయాయి. కాలవ పూడిక తీసిన మిషను వాటిని ఎత్తి అవతల పారేసింది, మళ్ళీ వేసినవాళ్ళు లేరు. అవతల డొంకని రెండు పక్కల చేలవాళ్ళూ చెరికాస్త కలుపుకున్నారు. మిగిలింది ఉత్తరపు బాట ఒక్కటే. దాన్నే సిమెంటు రోడ్డు చేశారు.

రోడ్డు లేని రోజుల్లో నాలుగు దారులు. రోడ్డు వచ్చాక ఒక్కటి. ఇదీ మాకు జరిగిన అభివృద్ధి.

ఇప్పుడు బడికి పోవాలంటే పిల్లలు సిమెంటు రోడ్డు మీద ఊళ్ళోకి పోయి, లారీలు తిరిగే పెద్దరోడ్డెక్కి, ప్లాట్ల ప్రహరీ చుట్టూ తిరిగి పోవాలి. పది నిమిషాల నడక అరగంటయింది. మా మేనత్త ఇంటికి ఆటో కావాలి. పోయినేడు మా పెదనాయన పోతే పాడెని ఊరంతా తిప్పి తీసుకెళ్ళాం. ఊళ్ళో ఒకాయన అరుగు మీద నుంచి “మా వీధినే రావాలా?” అన్నాడు. ఏ వీధిన పోవాలి మరి? మా వీధి మేం మూసుకున్నామా?

మావు అల్లడం తెలిసినవాళ్ళం మనం. మావులో చేప లోపలికి పోవడానికి ఉంటుంది, బయటికి రావడానికి ఉండదు. చేప కోసం మనం అల్లే పనిముట్టు నమూనాలోనే మన ఊళ్ళు కడుతున్నారు.

ఊరు పెరుగుతున్న తీరు చూడండి

ఇది మా కాలనీ ఒక్కదాని గోడు అనుకుంటే తప్పు. ఊళ్ళు పెరిగే తీరే మారిపోయింది.

బందరుకి వెళ్ళినప్పుడు పాత పేటల్లో నడిచి చూడండి. పరాసుపేట, ఇంగ్లీషుపాలెం, వలందపాలెం. ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, డచ్చివాళ్ళు వర్తకానికి వచ్చి విడిసిన చోట్లకి మిగిలిన పేర్లవి. డచ్చివాళ్ళు ఎప్పుడో పోయారు. పేటలు మాత్రం ఉన్నాయి. అలాంటి పాత పేటల్లో సందులు ఇరుకే, వంకరే. అయినా ఒక సందు ఇంకో సందులో కలుస్తుంది. ఒకటి మూసుకుపోతే పక్క సందున పోతారు. ఇల్లు కూలుతుంది, యజమాని మారతాడు, రాజ్యం మారుతుంది. వీధి గీత మాత్రం అంత తేలిగ్గా మారదు. అందుకే వీధి గీసేటప్పుడు జరిగిన తప్పుని మన మనవలు కూడా నడవాల్సి ఉంటుంది.

ఇప్పుడు ఊరి అంచుకి రండి. ఒక రైతు రెండెకరాలు అమ్ముతాడు. కొన్నవాడు మెరక పోయించి, రాళ్ళు పాతి వెంచరు వేస్తాడు. పెద్దరోడ్డు మీదికి ఒక్కటే ముఖద్వారం. లోపల నడిమి రోడ్డు, దానికి అటూ ఇటూ సందులు. ప్రతి సందు చివరా గోడ. పక్క రైతు మరుసటేడు అమ్ముతాడు. అక్కడా ఒక ముఖద్వారం, అక్కడా గోడలు. పది వెంచర్లు పక్కపక్కన లేస్తాయి. పదింటి మూతులూ ఒకే పెద్దరోడ్డు మీదికి తెరుచుకుంటాయి. ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి దూరే సందు ఒక్కటుండదు. గోడకి ఇవతల ఉన్నవాడు అవతల కొట్లో ఉప్పు ప్యాకెట్టు కొనాలంటే పెద్దరోడ్డెక్కి దిగాలి. తర్వాత పెద్దరోడ్డు మీద రద్దీ ఎక్కువైందని అదే జనం గోల పెడతారు. రద్దీ ఎక్కడి నుంచి వచ్చింది? మీరు మూసిన సందుల్లోంచి వచ్చింది.

ఎందుకిలా చేస్తారంటే, కలిపే సందుకి భూమి ఖర్చవుతుంది, ఆ భూమిలో ప్లాటు పడదు. ఇంకో కారణం బయటికి చెప్పరు. ‘పక్కవాళ్ళు మన వీధిలో తిరగరు’ అన్నది ప్లాటు అమ్మే మాట. ఆ పక్కవాళ్ళు ఎవరో చాలాచోట్ల మనకి తెలుసు. మనమే.

ఈ రోగం మనదొక్కటే కాదు. అమెరికాలో వందేళ్ళ వీధుల లెక్క తీసి క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిల్లర్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు 2015లో ప్రచురించారు. అక్కడ ఒకదానితో ఒకటి కలవని వీధులు కట్టడం 1994 ప్రాంతంలో పరాకాష్ఠకి చేరి, తర్వాత తగ్గుతూ వచ్చిందని తేల్చారు. వాళ్ళే 2020లో ప్రపంచమంతా చూసి, చాలా దేశాల్లో కొత్తగా కట్టే వీధులు నానాటికీ ఒకదానితో ఒకటి తెగిపోతున్నాయని చెప్పారు. కార్లున్న దేశమే తప్పు తెలుసుకుని వెనక్కి తిరుగుతోంది. కాళ్ళే బండిగా ఉన్న మనం ఆ తప్పులోకి కొత్తగా దిగుతున్నాం. కారువాడికి కిలోమీటరు చుట్టు అంటే రెండు నిమిషాలు. నెత్తిన కట్టెలమోపు ఉన్న ఆడమనిషికి అది వేరే లెక్క.

దువ్వెన లెక్క

టీచర్లు ఈ లెక్కని బోర్డు మీద వేయించండి. ఐదో తరగతి పిల్లలు చేయగలరు.

ఒక నడిమి రోడ్డు గీయండి. దానికి ఒకే వైపు ఐదు సందులు, దువ్వెన పళ్ళలాగా. సందు పొడవు 100 మీటర్లు. సందుకీ సందుకీ మధ్య 30 మీటర్లు. మొదటి సందు చివరింటి పిల్ల రెండో సందు చివరింటి పిల్లతో ఆడుకోవాలి. కాకికి 30 మీటర్లు. పిల్లకి 100 వెనక్కి, 30 పక్కకి, మళ్ళీ 100 ముందుకి, మొత్తం 230 మీటర్లు. దాదాపు ఎనిమిది రెట్లు.

ఇప్పుడు ఐదు సందుల చివర్లనీ కలుపుతూ ఒక వెనక సందు గీయండి. 230 కాస్తా 30 అయిపోయింది. ఖర్చెంత? 120 మీటర్ల సందు. అంతే.

ఇంకో మెట్టెక్కండి. రోడ్లు కలిసే చోట్లనీ, రోడ్డు చివర్లనీ చుక్కలు పెట్టి లెక్కించమనండి. చుక్కల మధ్య ఉన్న రోడ్డు ముక్కల్నీ లెక్కించమనండి. ముఖద్వారంతో కలిపి మన దువ్వెనలో 11 చుక్కలు, 10 ముక్కలు. ముక్కల్ని చుక్కలతో భాగిస్తే 0.91. వెనక సందు గీశాక ముక్కలు 14, చుక్కలు అవే 11. భాగిస్తే 1.27. పట్టణ ప్రణాళికల వాళ్ళు వీధులు ఎంత బాగా కలిశాయో చూడడానికి వాడే కొలతల్లో ఇదొకటి. 1.4 దాటితే బాగుందంటారు. మీ కాలనీకి ఎంత వచ్చిందో, మీ ఊళ్ళో పెద్దవీధికి ఎంత వచ్చిందో పిల్లల చేత కట్టించి, రెండు అంకెల్నీ పక్కపక్కన రాయించండి. ఆ రెండు అంకెల మధ్య తేడా సాంఘిక శాస్త్రం పాఠం అవుతుంది.

‘రోడ్డున్న ఊరు’ ఎవరి లెక్క?

సర్కారు లెక్కలో మా కాలనీ రోడ్డున్న కాలనీ. ఆ లెక్క ఎలా కడతారో చూస్తే మనకి ఎక్కడ దెబ్బ తగిలిందో తెలుస్తుంది.

పల్లెలకి రోడ్లు వేసే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో మొదలైంది. మంచి పథకమే, దానివల్ల బాగుపడ్డ పల్లెలున్నాయి. కానీ దాని నిబంధనలు చదవండి. మైదాన ప్రాంతంలో 500 మంది జనాభా ఉన్న ఆవాసాలకి రోడ్డు వేయాలని పెట్టుకున్నారు. కొండ ప్రాంతాలకీ, ఐదో షెడ్యూలులోని గిరిజన ప్రాంతాలకీ 250 మంది చాలన్నారు. మనం గిరిజనులమే, కానీ ఉన్నది డెల్టాలో. ఐదో షెడ్యూలు మనకి లేదు. ముప్పై గడపల యానాది కాలనీ 500 మందిని ఎక్కడి నుంచి తేవాలి? అన్ని కాలాల్లోనూ నడిచే రోడ్డుకి 500 మీటర్ల లోపు ఉంటే ఆ ఆవాసానికి రోడ్డు ఉన్నట్టే లెక్క. ఆ 500 మీటర్లలో కాలవ ఉందా, గోడ ఉందా అని కాగితం అడగదు. అన్నిటికంటే పెద్ద మాట ఇంకొకటుంది: ఒక ఆవాసానికి ఒకే రోడ్డు. ఒక్కటి ఉంటే ఇక పని అయిపోయినట్టే.

ఒక్కటి చాలని ఎవరు తీర్పు చెప్పారు? ఊళ్ళో పెద్దవీధివాళ్ళు ఒక్క సందుతో బతుకుతున్నారా?

మరో లెక్క చూడండి. విద్యాహక్కు నిబంధనల్లో ప్రాథమిక పాఠశాల కిలోమీటరు నడక దూరంలో, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపు ఉండాలన్నారు. నడక దూరం అన్నారు, బాగుంది. దాన్ని ఏ కాళ్ళతో కొలిచారు? 2022లో జీవో 117 పేరుతో 3, 4, 5 తరగతుల్ని కిలోమీటరు లోపున్న హైస్కూళ్ళకి తరలించినప్పుడు ఎంత గొడవ జరిగిందో టీచర్లకి నేను చెప్పక్కర్లేదు. తర్వాత ఆ జీవో పోయింది. గోడలు మాత్రం పోలేదు. బడి కదలకుండానే దూరం పెరగొచ్చు. మధ్యలో ఒక ప్రహరీ లేస్తే చాలు. హాజరు పట్టీలో మన పిల్లల పేర్ల ఎదురుగా సున్నాలు చుట్టేటప్పుడు ‘తల్లిదండ్రులకి శ్రద్ధ లేదు’ అని రాసేముందు, ఒక్కసారి ఆ పిల్ల వెంట ఇంటిదాకా నడవమని తోటి టీచర్లని వేడుకుంటున్నాను.

ఇళ్ళ స్థలాల సంగతీ ఇంతే. 2020 డిసెంబరులో మొదలైన పథకంలో పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున లక్షల మందికి పట్టాలిచ్చారు. సెంటున్నర చాలదని అన్ని పార్టీలవాళ్ళూ వాదించుకున్నారు. ఇప్పుడు రెండు సెంట్లా, మూడు సెంట్లా అన్నది చర్చ. ఎన్ని సెంట్లన్నది అవసరమైన ప్రశ్నే. ‘ఎన్ని దారులు?’ అని మాత్రం ఒక్కరూ అడగలేదు. చవగ్గా దొరికే భూమి ఊరికి దూరంగా, పల్లంలో ఉంటుంది. అక్కడ లేఅవుట్ వేసి, ఒక్క అప్రోచ్ రోడ్డు వేసి వదిలేస్తే మూడు సెంట్లిచ్చినా అది మావే.

ఒకే గుమ్మం ఎవరికి లాభం?

మన తాతల కథ గుర్తు చేసుకోవాలి. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం చేశారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకల సోదరుల్ని స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టారు. పూటపూటకీ హాజరు, బయటికి పోవాలంటే పాసు. యానాదుల మీద కూడా ఆ మచ్చ వేశారు. దాన్ని తుడిపించడానికి వెన్నెలకంటి రాఘవయ్య గారు ఏళ్ళ తరబడి పోరాడారు. 1952లో ఆ చట్టం రద్దయింది.

సెటిల్మెంటుకి కావలసింది ఒకే గుమ్మం. ఒకే గుమ్మమైతే ఎవడు పోతున్నాడో, ఎవడు వస్తున్నాడో లెక్క తేలిక. నేడు మన కాలనీలు కట్టేవాళ్ళకి ఆ ఉద్దేశం ఉందని నేననను. చాలామందికి ఏ ఉద్దేశమూ ఉండదు. కాగితం మీద ఒక గీత గీస్తే పని అయిపోతుంది, అంతే. కానీ ఉద్దేశం లేకపోయినా ఫలితం అదే. ఊళ్ళో ఏ మోటారు పోయినా మా కాలనీ మొగలో నిలబడి వచ్చేపోయేవాళ్ళ సంచులు వెతికినవాళ్ళని నేను చూశాను. నాలుగు దారులుంటే నలుగురు కావాలి. ఒక్క దారి కాబట్టి ఒక్కడు చాలాడు. చట్టం పోయి డెబ్బై ఏళ్ళు దాటింది, ఆ ఒంటిగుమ్మం మనల్ని వదల్లేదు.

నీళ్ళొచ్చిన రాత్రి

దివిసీమలో పుట్టినవాడికి 1977 నవంబరు 19 గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. సర్కారు లెక్క ప్రకారమే పది వేల మంది దాకా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి పేర్లు చెబితే మా పెద్దవాళ్ళు ఇప్పటికీ కాసేపు మాటాడరు. ఆ ఉప్పెనకి దారులుండి మాత్రం ఎంతమంది దక్కేవాళ్ళో చెప్పలేం. హెచ్చరికే సరిగా అందలేదు.

ఇప్పుడు హెచ్చరిక ముందే వస్తుంది. తుపాను షెల్టర్లున్నాయి. ఫోనులో మెసేజీ, మైకులో చాటింపు. ‘సురక్షిత ప్రాంతాలకు తరలిపొండి’ అంటారు. ఎటు తరలాలి? ఉన్న ఒక్క రోడ్డూ పల్లంలో ఉంటే ముందు మునిగేది అదే. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకి పైగా నీళ్ళు దిగినప్పుడు దివిసీమ కరకట్టల మీద జనం రాత్రుళ్ళు కాపలా కాశారు. అలాంటి రాత్రి ఒక్క చెట్టు రోడ్డుకి అడ్డం పడితే కాలనీ మొత్తం లోపలే. 108 బండి లోపలికి రాదు, మంచంలో ఉన్న మనిషి బయటికి పోడు. వలలో ఒక పోగు తెగితే చుట్టూ ఉన్న పోగులు బరువు మోస్తాయి, చేప పోదు. గాలపు తాడు ఒక్కచోట తెగితే మొత్తం పోతుంది. మన కాలనీలు గాలపు తాడుకి వేలాడుతున్నాయి.

రెండో దారి విలువ ఊరి పెద్దలకి తెలియనిది కాదు. పులిగడ్డ–పెనుమూడి వంతెన లేని రోజుల్లో అవనిగడ్డ నుంచి రేపల్లెకి పోవాలంటే పడవెక్కాలి, లేదంటే బెజవాడ చుట్టి రావాలి. వంతెన కావాలని దివిసీమ అంతా ఏళ్ళ తరబడి అడిగింది, సాధించింది. ఉల్లిపాలెం దగ్గర వంతెన పడ్డాక కోడూరు మండలానికి బందరు దగ్గరయింది. దివిసీమకి ఒక్క దారి చాలదని అందరూ ఒప్పుకున్నారు. ఆ న్యాయం మన కాలనీ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోయింది?

మనవాళ్ళ మాటలు

ఎదుటివాళ్ళనే అని ఊరుకుంటే ఈ వ్యాసం సగమే. మన ఇళ్ళలో వినపడే మాటలూ ఉన్నాయి.

“నాలుగు దారులుంటే తాగుబోతులు, దొంగలు తిరుగుతారన్నా.” తమ్ముడూ, దొంగకి గోడ అడ్డం కాదు, నీకు అడ్డం. పదిమంది నడిచే సందులో పది కళ్ళుంటాయి. అమెరికాలో జేన్ జేకబ్స్ అనే ఆవిడ 1961లోనే ఈ సంగతి పుస్తకంగా రాసింది: జనం తిరిగే వీధికి జనమే కాపలా. మన అమ్మలకి ఆ పుస్తకంతో పనిలేదు. చీకటిపడ్డాక ఏ దారిన పోవాలో వాళ్ళకి తెలుసు, మనుషులు తిరిగే దారిన.

“లారీలు వచ్చేస్తాయి, పిల్లలు పడతారు.” లారీ పట్టే రోడ్డు ఎవరడిగారు? ఆరడుగుల కాలిబాట చాలు. మొదట్లో రెండు రాళ్ళు పాతితే మనిషి పోతాడు, సైకిలు పోతుంది, పాడె పోతుంది. లారీ పోదు.

ఇక మనం చెప్పుకోడానికి సిగ్గుపడే మాట. మన సందుల్ని మనమూ మూస్తున్నాం. ఇల్లు కట్టుకునేటప్పుడు మెట్లు సందులోకి దింపుతాం. చివరింటివాడు సందు చివర కోళ్ళగూడు కడతాడు, తర్వాత రేకులు దింపుతాడు, అయిదేళ్ళకి అది అతని వరండా. అదే సందు వెనక నుంచి తెరవమని రేపు అడిగితే ‘మీవాడే మూశాడు కదా’ అంటారు. అప్పుడు మనకి నోరుండదు. ముందు మన వరండా మనం వెనక్కి తీసుకుందాం.

చేతిలో ఏమున్నాయి?

మనకి పీసా లేదు, 1/70 లేదు, ఏజెన్సీ లేదు. మైదాన గిరిజనుడికి నేల కాపాడే చట్టం కరువే. కానీ దారిని కాపాడే చట్టాలు కొన్నున్నాయి. వాటిని మనం చదవలేదు.

ఒకటి, ఊరి నక్ష. రెవెన్యూ గ్రామపటంలో డొంకలు, పుంతలు, కాలవ గట్లు గీతలుగా ఉంటాయి, వాటికి సర్వే నంబర్లుంటాయి. డొంక పోరంబోకు సర్కారు భూమి. దాన్ని కలుపుకున్నవాణ్ణి ఖాళీ చేయించడానికి 1905 నాటి భూ ఆక్రమణ చట్టం ఇప్పటికీ ఉంది. ఊరుమ్మడి భూముల్ని ఆక్రమణల నుంచి విడిపించి ఊరికి తిరిగి అప్పగించాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. నక్ష నకలు తహసీల్దారు ఆఫీసులో అడగండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

రెండు, నడక హక్కు. 1882 ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఒకరి భూమిలోంచి 20 ఏళ్ళు బాహాటంగా, తగాదా లేకుండా, హక్కుగా, ఆగకుండా నడిచిన దారి మీద నడిచినవాళ్ళకి హక్కు పుడుతుంది. సర్కారు భూమి అయితే 30 ఏళ్ళు. ఒక మెలిక ఉంది: దారి మూసిన రెండేళ్ళ లోపు కోర్టుకి పోవాలి. ‘చూద్దాంలే’ అని మనం కూర్చునే రెండేళ్ళే అవతలివాడికి కావలసింది. గోడకి పునాది తీసిన రోజే ఫొటో తీసి, తేదీ వేసి, అర్జీ ఇవ్వండి.

మూడు, అట్రాసిటీ చట్టం. 1989 చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. జనం వెళ్ళే చోటికి ఆనవాయితీగా ఉన్న దారి హక్కుని ఎస్సీ, ఎస్టీలకి కాదనడం, ఉమ్మడి వనరుల్ని, శ్మశానాన్ని, రోడ్డుని, బాటని అందరితో సమానంగా వాడుకోనివ్వకుండా అడ్డుకోవడం అందులో నేరాలు. ప్రతి గోడా ఈ చట్టం కిందికి రాదు, ప్రతి తగాదాకీ దీన్ని బయటికి తీయకూడదు. కానీ ‘మా వీధినే రావాలా’ అని పాడెని ఆపేవాడికి ఈ చట్టం ఉందన్న సంగతి తెలిసి ఉండాలి.

నాలుగు, పంచాయతీ తీర్మానం. వెంచరువాడు లేఅవుట్ అనుమతికి ఎప్పుడో ఒకప్పుడు పంచాయతీ గడప తొక్కాలి. ఆ రోజే మనం అక్కడుండాలి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం 2009లో ఒక నిబంధన పెట్టింది: మీ కొత్త వీధులు పక్క స్థలాల వీధులతో కలిస్తేనే వాటి నిర్వహణ మేం తీసుకుంటాం, లేకపోతే మీ రోడ్డు మీరే బాగుచేసుకోండి. బిల్డర్లు గోల పెడితే తర్వాత కొంత సడలించారు, అయినా మాట సూటిగా ఉంది. మన పంచాయతీ ఆ మాట ఎందుకు అనకూడదు? పంచాయతీ సొమ్ముతో వీధి దీపాలు, కుళాయిలు కావాలంటే, నీ సందు పక్కవాడి సందులో కలవాలి. లేఅవుట్‌లో పార్కుకి నూటికి పదిపాళ్ళు వదలాలన్న నిబంధన ఉన్నప్పుడు, రెండు వైపులా దారి వదలాలని అడగడం గొంతెమ్మ కోరికేం కాదు.

త్వరపడాలి. 2023 మేలో బందరు పోర్టు పనులకి శంకుస్థాపన జరిగింది. పోర్టు వస్తే ఊళ్ళు ఉబ్బుతాయి, ప్లాట్లు ఇంకా దక్షిణానికి దిగుతాయి. నేడు చేనుగా ఉన్నది రేపు గోడ అవుతుంది. చేనుగా ఉన్నప్పుడు దారి అడగడానికి కాగితం చాలు. ఇళ్ళు లేచాక కోర్టు కావాలి.

అందుకని యువతకి నాదొక్క మాట. రేపు ఆదివారం సెల్‌ఫోను పట్టుకుని మీ కాలనీ చుట్టూ నడవండి. తాతని వెంట తీసుకెళ్ళండి, ఎటు నుంచి ఎటు నడిచేవాళ్ళో చూపించమనండి. ఆయన చేయి చాపిన ప్రతి చోటా గుర్తు పెట్టుకోండి. ఇప్పుడక్కడ గోడ ఉందో, చెరువుందో, పడిపోయిన వంతెన ఉందో రాయండి. అది మీ కాలనీ నిజమైన నక్ష. ఆయన పోతే ఆ నక్ష కూడా పోతుంది.

గ్రామసభకి మళ్ళీ పోతాను. “రోడ్డు వేశాం కదయ్యా” అని మళ్ళీ అంటారు. ఈసారి కూర్చోను. మా అమ్మ చెప్పిన మాట చెబుతాను, పిల్లలు కట్టిన అంకె చూపిస్తాను, ఆరడుగుల బాట, కాలవ మీద ఒక చిన్న వంతెన అడుగుతాను. రెండో దారి వచ్చేదాకా ప్రతి సభలోనూ అడుగుతాను. మీరూ మీ ఊళ్ళో లేచి అడగండి. ‘రోడ్డు ఉందా?’ అన్నది వాళ్ళ ప్రశ్న. మన ప్రశ్న వేరే: ‘ఎటెటు పోతుంది?’